టెక్ సందేహాలు: కెమెరా కంటే ముందు కాలర్ మైక్

ఈ వారం ఫోన్ హ్యాంగవడాలు, వైఫై కష్టాలు పక్కన పెడుతున్నాను. వరంగల్, కరీంనగర్, ములుగు వైపు నుంచి డాక్యుమెంటరీ తీయడం నేర్చుకుంటున్నవాళ్ల ప్రశ్నలు చాలా పేరుకుపోయాయి. వాటికే జవాబులు.

డిగ్రీ అయిపోయింది. హనుమకొండలో ఒక సంస్థ మూడు నెలల్లో డాక్యుమెంటరీ మేకింగ్ నేర్పిస్తామంటోంది. ఫీజు 40 వేలు. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ కెమెరా కొనుక్కోమంటున్నాడు మా అన్న. ఏది మంచిది?

ముందు ఆ సంస్థకు వెళ్లి, కిందటి బ్యాచ్‌వాళ్లు తీసిన సినిమాలు చూపించమనండి. సంస్థవాళ్లు తీసిన ప్రోమో కాదు, విద్యార్థులు మొదలుపెట్టి పూర్తి చేసిన పది నిమిషాల డాక్యుమెంటరీలు. అవి లేవంటే లేచి వచ్చేయండి. ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు: ఒక్కో కెమెరాకు ఎంతమంది? ఎడిటింగ్ సిస్టమ్ మీద నేను సొంతంగా కూర్చునే గంటలెన్ని? చాలా చోట్ల ఒకరు చేస్తుంటే పదిమంది వెనక నిలబడి చూస్తారు. అలా చూడటానికి యూట్యూబ్ చాలు, ఫీజు దండగ.

సర్టిఫికెట్ గురించి గట్టిగా చెప్తుంటే, దాని మీద ఉండే క్వాలిఫికేషన్ కోడ్ అడిగి నేషనల్ క్వాలిఫికేషన్ రిజిస్టర్ వెబ్‌సైట్లో వెతకండి. ఈ రంగానికి మీడియా అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ స్కిల్స్ కౌన్సిల్ అని ఒక సంస్థ ఉంది, గుర్తింపు ఉన్న కోర్సులు చాలావరకు దాని కిందే వస్తాయి. కానీ ఒక మాట. డాక్యుమెంటరీ పని ఇచ్చేవాళ్లు మీ సర్టిఫికెట్ అడగరు, లింక్ పంపమంటారు. పుణెలోని ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్) పెద్ద కోర్సులతో పాటు స్వల్పకాలిక కోర్సులు కూడా నడుపుతుంది, కొన్ని ఆన్‌లైన్‌లోనే. వాటి ప్రకటనలూ చూస్తూ ఉండండి.

ఇక మీ అన్న సలహా. కెమెరా ఇప్పుడే వద్దు. మీ ఫోన్ 1080పీలో (ఫుల్ హెచ్‌డీ) నిలకడగా తీయగలిగితే మొదటి సినిమాకు అది చాలు. ఓ మంచి కాలర్ మైకు, చిన్న ట్రైపాడ్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకోండి. కెమెరా ఏ లెవెల్‌ది కావాలో మీ మొదటి సినిమా పూర్తయ్యాక మీకే తెలుస్తుంది.

కొత్తవాడలో దర్రీలు నేసే మా మామయ్య మీద డాక్యుమెంటరీ తీస్తున్నాను. మగ్గం మీద ఉండగానే మాట్లాడించాను. ఇంటికొచ్చి చూస్తే మగ్గం చప్పుడు తప్ప ఆయన మాట అర్థం కావట్లేదు. ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చా?

ఈ ప్రశ్న చాలా రూపాల్లో వస్తుంది. మగ్గానికి బదులు పిండిమర, బస్టాండు, పొలంలో మోటరు. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుందంటే, ఫ్యాన్ మోత, ఫ్రిజ్ గురగుర లాంటి ఎడతెగని ఒకే రకం శబ్దాన్ని తగ్గించడానికి. ఉచితంగా దొరికే ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. ఒట్టి మోత ఉన్న ఒకటి రెండు సెకన్లు సెలెక్ట్ చేసి చూపిస్తే, అలాంటి శబ్దాన్ని మిగతా చోట్ల తగ్గిస్తుంది. మగ్గం దెబ్బ అలాంటిది కాదు. ఆగి ఆగి, ఒక్కసారిగా పడుతుంది, సన్నని ధ్వని నుంచి బరువైన ధ్వని దాకా అన్నీ అందులో ఉంటాయి. దాన్ని తీయబోతే మామయ్య గొంతు బావిలోంచి వచ్చినట్టు అవుతుంది. ఈమధ్య వచ్చిన ఏఐ టూల్స్ ఇంకొంచెం బాగా విడదీస్తాయి కానీ, గొంతులో జీవం పోతుంది. ఓ నేతకారుడి సినిమాలో ఆయన గొంతు రోబోలా వినిపిస్తే ఎలా?

కాబట్టి మళ్లీ తీయండి. ఈసారి మగ్గం ఆపి మాట్లాడించండి. అయితే మగ్గం ఆగితే ఆయన కూలీ ఆగినట్టే, ఆ సంగతి మరిచిపోవద్దు. అన్నం తినే వేళో, పని అయిపోయిన సాయంత్రమో అడగండి. మగ్గం చప్పుడు విడిగా, ఎవరూ మాట్లాడకుండా, నాలుగైదు నిమిషాలు రికార్డు చేసుకోండి. నేత దృశ్యాలు చూపిస్తూ ఆ చప్పుడును సన్నగా వేసి, దాని మీద ఆయన మాట నడిపిస్తే ప్రేక్షకుడికి ఆయన మగ్గం పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. వినపడే స్థాయి మీ చేతిలో ఉంటుంది. అలాగే మాట్లాడించిన గదిలో అందరూ మౌనంగా ఉండగా ఓ అర నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య కోతలు తెలియకుండా అతకడానికి అదే దిక్కు.

మైక్ ఎంత దగ్గరుంటే అంత మేలు. నోటికి, మైకుకి మధ్య దూరం సగం చేస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చుట్టుపక్కల మోత మాత్రం పెరగదు. వేల రూపాయల మైకు నాలుగడుగుల దూరాన పెట్టేకంటే మామూలు కాలర్ మైకు చొక్కా రెండో గుండీ దగ్గర పెట్టడం నయం. కొనేటప్పుడు పిన్ను చూడండి: మూడు నల్ల గీతలుంటే ఫోన్ హెడ్‌ఫోన్ జాక్‌కి, రెండుంటే కెమెరాకి. షాపులో ఇది చూడకుండా కొని, ఇంటికొచ్చి మైక్ పనిచేయట్లేదని ఉత్తరాలు రాసేవాళ్లు బోలెడు మంది.

మైకుకి కూడా డబ్బు లేదా? ఇంకో ఫోన్ అడిగి తెచ్చుకోండి. దానికి మైకున్న మామూలు ఇయర్‌ఫోన్ తగిలించి, మైకు ముక్క కాలర్ దగ్గర క్లిప్పుతో పెట్టి, ఫోన్ ఆయన జేబులో వేయండి. ఫ్లైట్ మోడ్ ఆన్ చేయడం మరవద్దు. రికార్డర్ యాప్‌లో డబ్ల్యూఏవీ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. వీడియో, రికార్డర్ రెండూ మొదలయ్యాక కెమెరా ముందు గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమును, ఆ చప్పుడుకి ఆడియోలో ఒక్కసారిగా పైకి లేచిన గీతను కలిపితే రెండూ సింక్ అవుతాయి. సినిమా క్లాప్ బోర్డు చేసే పనీ ఇదే.

ట్యూబ్‌లైట్ల కింద తీస్తే వీడియోలో నల్లటి పట్టీలు కిందికి జారుతున్నట్టు కనిపిస్తోంది. ఫోన్ పాడైందా? (కరీంనగర్)

పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోన్ సొంతంగా ఎంచుకునే షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు లోపలికి తీసుకునే సమయం) దానితో కుదరదు. మాన్యువల్ వీడియో మోడ్ ఉంటే షట్టర్ 1/50 లేదా 1/100, ఫ్రేమ్ రేట్ 25 (సెకనుకు 25 ఫ్రేములు) పెట్టండి. లేకపోతే ఓపెన్ కెమెరా, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లు ఉచితమే, మీ ఫోన్‌లో ఏది ఒప్పుకుంటే అది. కొన్ని చవక ఎల్‌ఈడీలు ఇలా కూడా దారికి రావు, అప్పుడు లైటు ఆర్పేసి కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. ఫోన్‌లో తీసిన 4కే వీడియో వేస్తే డావిన్సీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కదలట్లేదు. పైగా పది నిమిషాల ఇంటర్వ్యూలో చివరికొచ్చేసరికి పెదాలకీ మాటకీ పొంతన లేదు.

ఇవి రెండు వేర్వేరు రోగాలు. మొదటిది బరువు. రిజాల్వ్ ఉచితమే కానీ, 16 జీబీ ఉంటేనే హాయిగా నడుస్తుంది. మీరు ప్రాక్సీలు తయారు చేసుకుని ఎడిట్ చేయండి. అంటే ప్రతి క్లిప్పుకీ తేలికైన నకలు చేసి దానితో కోత పని చేయడం, చివర్లో అసలు క్లిప్పులతో ఫైనల్ ఎక్స్‌పోర్ట్ చేయడం. అదీ కుదరకపోతే కేడెన్‌లైవ్, షాట్‌కట్ ప్రయత్నించండి. అవీ ఉచితమే, మీ మెషీన్ మీద అంత బరువు వేయవు. నేర్చుకోవడానికైతే రిజాల్వ్ తయారుచేసిన బ్లాక్‌మ్యాజిక్ సంస్థే పాఠాల పుస్తకాలు, సాధన చేయడానికి ఫుటేజ్ కూడా తన సైట్‌లో ఉచితంగా పెట్టింది. డబ్బు తీసుకుని చెప్పే కొన్ని క్లాసుల కంటే అవి మేలు.

రెండో రోగం ఫోన్‌ది. ఫోన్లు వెలుతురునూ వేడినీ బట్టి ఫ్రేమ్ రేటును లోపల్లోపల మార్చేస్తుంటాయి. 25 అని పెట్టినా సరిగ్గా 25 ఉండదు. ఎడిటర్ మాత్రం 25 అనే లెక్క వేసుకుంటుంది, నిమిషాలు గడిచేకొద్దీ తేడా పెరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని క్లిప్పులన్నీ ఒకసారి మార్చేసి, తర్వాతే టైమ్‌లైన్ మీద వేయండి.

అసలు 4కే ఎందుకు? నిమిషానికి సుమారు 375 ఎంబీ, గంటకు 22 జీబీ. 1080పీ అయితే గంటకు 8 జీబీ లోపే. డాక్యుమెంటరీకి పది గంటలు తీయడం మామూలే. దాన్ని రెండు చోట్ల దాచుకోవాలి కూడా. ఇంకో సంగతి: స్నేహితుడు తీసిన క్లిప్పులు వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకోకండి, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి.

రామప్ప మీద డ్రోన్ షాట్ తీయొచ్చా? నా డ్రోన్ 249 గ్రాములే. (ములుగు)

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. రామప్ప, వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి మూడూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అక్కడ డ్రోన్‌కే కాదు, పెద్ద కెమెరాతో షూటింగ్‌కు కూడా ముందస్తు అనుమతి కావాలి. రాతపూర్వకంగా తీసుకోండి. మేడారం జాతర రోజుల్లో పోలీసుల అనుమతి లేకుండా డ్రోన్ లేపే ఆలోచన అసలే వద్దు.

ఊళ్లో ఒగ్గు కథ పాత క్యాసెట్ ఒకటి ఉంది. నా సినిమాలో వాడి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ స్ట్రైక్ పడుతుందా?

పడొచ్చు. కథ తరతరాలది అయినా, ఆ రికార్డింగ్ దాన్ని విడుదల చేసిన కంపెనీది. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. మీ ఊళ్లోనే ఒగ్గు కళాకారులు ఉంటే వాళ్లచేత పాడించి మీరే రికార్డు చేయండి, వాళ్లకు ఎంతో కొంత ముట్టజెప్పండి. పాడేముందు కెమెరా చూస్తూ వాళ్ల పేరు, ఊరు, ఆ రోజు తేదీ, ఈ పాట మీ డాక్యుమెంటరీలో, యూట్యూబ్‌లో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నామన్న మాట చెప్పించండి. సంతకం పెట్టిన కాగితం కూడా ఉంటే ఇంకా మంచిది. ఆ ఒప్పుకోలు క్లిప్పును మాత్రం ఫుటేజ్ ఫోల్డర్‌లో కలపకుండా వేరేగా దాచండి.