గని పూడ్చిన నేలలో గడ్డి పెంచాలంటే

మూతపడిన ఓపెన్‌కాస్టు గనిని పూడ్చి చదును చేసిన నేల కౌలుకు దొరుకుతోంది, పక్కనే గని గుంటలో నీళ్ళున్నాయి, పాడి పశువుల మేతకు ఏ గడ్డి వేస్తే మంచిది అని అడిగారు. పదిమందిని అడిగితే తొమ్మిదిమంది సూపర్ నేపియర్ అంటారు. నేనూ ఆ మాట నమ్మి మూడెకరాలలో వేశాను. మొదటి ఏడాది పెట్టిన డబ్బంతా నేలపాలైంది. ఊరికే అనే మాట కాదు, నిజంగా నేల లోపలికే పోయింది.

ఆ సాయంత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మడులు కట్టి, కణుపులు నాటి, ఆరింటికి మోటారు వేశాం. మామూలు పొలంలో అయితే గంటకల్లా మూడో మడిలోకి నీరు ఎక్కాలి. ఎనిమిదైనా మొదటి మడే సగం తడవలేదు. పైపు పగిలిందేమోనని టార్చిలైటు పట్టుకొని గట్టు వెంట నడిచాను. పైపు బాగానే ఉంది. మడి మధ్యలో మాత్రం నీళ్ళు చిన్న సుడి తిరుగుతున్నాయి, మూతి సన్నని కుండలో పోస్తున్నట్టు గుడగుడమని చప్పుడు. అక్కడ కాలు పెడితే మోకాలి దాకా దిగబడింది. మా మామయ్య గట్టు మీద కూర్చొని తాపీగా, "అల్లుడుగారూ, గనిలోంచి తోడిన నీళ్ళు మళ్ళీ గనికే పోస్తున్నారు" అన్నారు. ఆయనన్నది నిజమే.

పూడ్చేటప్పుడు డంపర్లు గుమ్మరించే దానిలో ఇసుకరాయి, బంకమట్టి, బండలు కలగాపులగంగా ఉంటాయి. బండల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. ఆ నేల ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. జూన్‌లో నేను మట్టం చూసి కట్టిన మడికి సంక్రాంతికల్లా వాలు తిరగబడింది. మరోపక్క, డంపర్లు తిరిగిన దారిలో గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరి వస్తుంది. ఒకచోట నీళ్ళు నిలవవు, రెండు గజాల అవతల ఇంకవు. ఇలాంటి నేలలో మడులు కట్టి పారించడం మానేయండి. స్ప్రింక్లర్లే దిక్కు.

ఇక పైమట్టి సంగతి. తవ్వేముందు పై పొరను విడిగా తీసి దాచి, చివర్లో మళ్ళీ పరవాలి. మాకు మట్టి తోలిన కాంట్రాక్టరు బెత్తెడు మందాన చల్లి పని అయిపోయిందన్నాడు. దాని కింద ఉన్నదంతా వంద అడుగుల లోతు నుంచి పైకి వచ్చిన రాతిపొడి. దానికి వేరంటే ఏమిటో, వానపామంటే ఏమిటో తెలియదు. తవ్వకాలు ముగిశాక ఆ నేలలో మళ్ళీ గడ్డి పెంచి మేతకు పనికివచ్చేలా చేయాలని, ఆ షరతు లీజుల్లోనే పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. మంచిదే. కానీ ఫొటోలో పచ్చగా కనిపించిన గడ్డి మరుసటి వేసవికి ఉందో లేదో చూసేవాళ్ళు కావాలిగా! ఫొటోలంటే గుర్తొచ్చింది, యూట్యూబులో నేపియర్ కణుపులు అమ్మేవాళ్ళు నిలువెత్తు గడ్డి పక్కన నిలబడతారు తప్ప, ఆ గడ్డి ఎంత నీరు తాగుతుందో, ఎంత నత్రజని మింగుతుందో ఒక్కరూ చెప్పరు.

రెండో ఏడాది నేను గడ్డి జోలికే పోలేదు. గట్టిపడిన చోట్ల సబ్‌సాయిలర్‌తో లోతుగా చీల్చి, జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నాను. పశువుల ఎరువు ఎన్ని ట్రాక్టర్లు దొరికితే అన్నీ తోలాను. ఆ తరువాతే స్టైలో అనే మేత మొక్క వేశాను. దాని గింజ పెంకు గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉంచితేగాని సరిగా మొలవదు. అన్నం వండే గిన్నె తీసుకున్నానని మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. స్టైలో పప్పుజాతి కాబట్టి నత్రజని తనే సమకూర్చుకుంటుంది, ఎదిగాక పక్కనున్న గడ్డికీ కొంత అందుతుంది. నేల కుంగి నీరు నిలిచే పల్లాల్లో పారా గడ్డి పెట్టాను. నేపియర్‌కు అలాంటి చోట వేర్లు కుళ్ళుతాయి. దాన్ని కొట్టం పక్కన అరెకరానికే పరిమితం చేశాను. పశువులను మాత్రం తోలలేదు, కోసుకొచ్చి వేశాం. తడినేల మీద గిట్టలు పడితే చీల్చిన నేల మళ్ళీ బిగుసుకుపోతుంది.

గని నీళ్ళు తేటగా ఉన్నాయని మోసపోకండి, ఉప్పు శాతం పరీక్ష చేయించండి. మాకు నీళ్ళు బాగానే ఉన్నాయి. మాకు తెలిసిన ఒకాయన పరీక్ష లేకుండానే వాడాడు, రెండు వేసవులకు నేల మీద తెల్లటి పొర తేలింది.

గడ్డి పేరు తరువాత చూద్దాం. ముందు మీ నేలలో నాలుగుచోట్ల అడుగు లోతు గుంటలు తీసి, ఒక్కోదానిలో బకెట్టు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎక్కడ ఎంతసేపు పట్టిందో రాయండి.