నాయిస్ ఎక్కడుందో చూసి అక్కడే రెండర్ పెట్టండి

పాత కంప్యూటర్‌లో ఇంటీరియర్ రెండర్‌కు, అంటే త్రీడీ మోడల్ నుంచి బొమ్మ తయారవడానికి, రాత్రంతా పడుతోంది, అయినా నాయిస్ (బొమ్మ మీది చుక్కచుక్కల గరుకు) పోవట్లేదు, ముక్కలుగా చేస్తే టైం కలిసొస్తుందా అని అడిగారు. ఊరికే ముక్కలు చేస్తే ఏమీ రాదండి. బొమ్మను నాలుగు భాగాలు చేసి నాలుగింటికీ అవే శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు వెలుగును ఎన్నిసార్లు లెక్కకట్టాలో ఆ సంఖ్య) ఇస్తే మొత్తం పని అంతే. నాయిస్ ఉన్న ముక్కకే ఎక్కువ శాంపిల్స్ ఇవ్వండి, అప్పుడు చూడండి.

నేను నల్లగొండలో ఇళ్ల ప్లాన్లు, త్రీడీ వ్యూలు చేస్తాను. వాడేది బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్, రెండర్‌కు అందులోని సైకిల్స్ ఇంజిన్. పోయిన ఎండాకాలం మిర్యాలగూడ నుంచి ఒకాయన హాలు వ్యూ అడిగారు. హాలు చివర పూజగది, గంటలు వేలాడే టేకు తలుపులు, లోపల ఒక్క ఇత్తడి దీపం. 256 శాంపిల్స్‌తో రెండు గంటలు పట్టింది. సోఫా, కిటికీ, ఫ్లోరింగ్ శుభ్రంగా వచ్చాయి. వాట్సాప్‌లో పంపితే వాళ్లమ్మగారు ఫోన్ చేసి, "ఏంది బిడ్డా, దేవుని అర్రల గోడకు రవ్వ చల్లినట్టున్నది?" అన్నారు. నిజమే, అచ్చం బొంబాయి రవ్వ. తెల్లారితే వడ్రంగికి ఆ బొమ్మ చూపించాలి.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడి చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ నేరుగా ఎండ పడదు, స్తంభాల సందుల్లోంచి వెలుగు ఎలాగో లోపలికి చేరుతుంది. రెండర్‌లో కూడా అలాంటి మూలలకు వెలుగు దొరికే కిరణాలు తక్కువ, అందుకే అక్కడ రవ్వ.

నాయిస్ సగం తగ్గాలంటే శాంపిల్స్ నాలుగింతలు కావాలి. నేను 2048 పెట్టాలనుకున్నాను. బొమ్మంతటికీ పెడితే ఎనిమిదింతలు, అంటే పదహారు గంటలు. అప్పటికే రాత్రి తొమ్మిదయింది. గాలిదుమారానికి కరెంట్ రెండుసార్లు పోయింది, నా యూపీఎస్ ఇరవై నిమిషాలకు మించి ఆగదు.

కెమెరా వ్యూలో కంట్రోల్ బి నొక్కి పూజగది చుట్టూ డబ్బా గీశాను. గీత సరిగ్గా దర్వాజ అంచుల మీదే పడేట్టు చూసుకున్నాను. ఖాళీ గోడ మధ్యలో గీస్తే అతుకు కనిపిస్తుంది. క్రాప్ టు రెండర్ రీజన్ టిక్ తీసేశాను. అప్పుడు బొమ్మ సైజు మారదు, పీఎన్‌జీని జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో పాత బొమ్మ మీద పెడితే నేరుగా దాని చోట కూర్చుంటుంది. లైట్లు, ఎక్స్‌పోజర్ మాత్రం ముట్టుకోకూడదు. బొమ్మలో అది పన్నెండో వంతు చోటు, 2048 శాంపిల్స్ పెట్టినా గంటన్నరలో అయిపోయింది. దీపం వెనక గోడ నున్నగా వచ్చింది. గంటల నాలుకలు కూడా విడివిడిగా కనిపించాయి.

నాయిస్‌ను తుడిచేసే డీనాయిజర్ ఉందిగా అంటారు. 2019లో బ్లెండర్ 2.81లో ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ వచ్చినప్పటి నుంచీ ఇదే మాట. తక్కువ శాంపిల్స్ మీద అది చెక్కడాన్ని వెన్న పూసినట్టు చేసేస్తుంది. ఆ బొమ్మ చూసి వడ్రంగి ఏం చెక్కాలి? ఇంకొందరు ఏదడిగినా కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కొనుక్కోమంటారు. మా దగ్గర చాలామంది ప్లాన్‌తో పాటు త్రీడీ ఫ్రీ అనుకుంటారు, పూజగదికి పెట్టిన ఆ గంటన్నరకు ఎవరూ లెక్క కట్టరు. కార్డ్ ఎక్కడి నుంచి కొనాలి? త్రీడీకి విడిగా డబ్బులు తీసుకోవాలని నేను గట్టిగా అంటాను, మీరూ తీసుకోండి.

పొద్దున ఆరింటికి పంపాను. వడ్రంగి ఫోన్‌లో పెద్దది చేసి చూసుకుని, గంటలు లెక్కపెట్టి, "ఒక్కో రెక్కకు పన్నెండేనా సార్?" అని అడిగాడు.

పని అయ్యాక కంట్రోల్ ఆల్ట్ బి నొక్కి డబ్బా తీసేయండి. మర్చిపోతే తర్వాత రాత్రంతా పెట్టిన రెండర్‌లో కూడా ఆ ముక్కే వస్తుంది.