వ్యాన్‌లోని చిన్న టీవీకి ఛానెళ్లు రాకపోవడం గురించి

నమస్కారమండీ. చిత్తూరులో కొన్న 12 వోల్టుల చిన్న టీవీ కడ్డీ యాంటెన్నాను డాబా మీద ఎంత తిప్పినా ఒక్క ఛానెల్ కూడా రాలేదనీ, వ్యాన్‌లో పెడితే ఇంజన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆరిపోతోందనీ రాశారు.

మొదటిదానికి టీవీని తప్పుపట్టనక్కర లేదు. ఆ కడ్డీ అందుకోవలసిన పాత అనలాగ్ ప్రసారాలను దూరదర్శన్ 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా ఆపివేసింది. ఇంట్లో చూడటానికి డీడీ ఫ్రీ డిష్ బాక్సు, 60 సెంటీమీటర్ల డిష్ చాలు. నెలవారీ చందా ఉండదు. ఆ ఛానెళ్లను పంపే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నందున, మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి చూస్తే అది ఇంచుమించు ఆగ్నేయ మూలన, 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అయితే ఇలాంటి ఆఫ్‌సెట్ డిష్ (సిగ్నల్ అందుకునే భాగం నడిమధ్యన కాక కింది అంచు వైపు ఉండే రకం) అంత పైకి చూస్తున్నట్టు కంటికి కనిపించదు కనుక, చాలామంది దాన్ని అవసరానికి మించి పైకెత్తి పొరబడతారు. తిరుమల కొండ తిరుపతికి ఉత్తరాన ఉండటం మనకు కలిసివచ్చిన విషయమే గానీ, ఆగ్నేయాన గుబురైన కొబ్బరిచెట్టు ఒక్కటి అడ్డొచ్చినా సిగ్నల్ పోతుంది. కేబుల్ కొసన, లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు జాలీ పోగు ఒక్కటి నడిమి రాగి తీగకు తగులుతోందేమో కూడా చూడండి. మా ఇంట్లో రెండు గంటలు డిష్ తిప్పిన తరువాత గాని నాకు ఆ సంగతి తెలియలేదు.

ఇక వ్యాన్ విషయానికి వస్తే, స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోయి, ఇంజన్ అందుకున్నాక 14 దాకా పెరుగుతుంది. అందుచేత నిలకడగా 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్‌ను మధ్యలో పెట్టించి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయించండి. కదిలే బండిలో ఈ డిష్ పనిచేయదు. ప్రయాణంలో పెన్‌డ్రైవే నయం, అదీ డ్రైవరు కంట పడని చోట.