టాపిక్ వేరు, ప్రశ్న వేరు తల్లీ

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్, మాది నల్గొండ జిల్లా. ప్రాజెక్టుకి "తెలంగాణలో ఫ్లోరైడ్ సమస్య" అని టాపిక్ ఇస్తే గైడ్ సార్ ఇది కాదమ్మా, మళ్ళీ ఆలోచించుకుని రా అన్నారు. సీనియర్లేమో శోధ్‌గంగలో (పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) పాత థీసిస్ ఒకటి తీసి అటూ ఇటూ మార్చి ఇచ్చేయ్ అంటున్నారు. అసలు మంచి రీసెర్చ్ ఎక్కడ మొదలుపెట్టాలి? అనుకున్న రిజల్ట్ రాకపోతే ఏం చెయ్యాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ సార్ మీద కోపం తెచ్చుకోకమ్మా, ఆయన నీకు మేలే చేశారు. నువ్విచ్చింది పేపర్లో హెడ్డింగ్‌లా ఉంది, అందులో ప్రశ్న లేదు. ప్రశ్న అంటే నీకున్న నాలుగు నెలల్లో, మీ ల్యాబ్‌లో ఉన్న సామానుతో, నువ్వు పెట్టుకోగలిగిన బస్సు చార్జీలతో జవాబు దొరికేది. మీ ఊళ్ళో ఇంకా వాడుతున్న బోర్లు ఒక ఇరవై ఉన్నాయనుకో, లోతు ఎక్కువున్న బోర్లలో ఫ్లోరైడ్ కూడా ఎక్కువుందా? ఇదీ ప్రశ్న. అవునని రావచ్చు, కాదని రావచ్చు, ఏదొచ్చినా మీ ఊరికి పనికొస్తుంది.

శోధ్‌గంగ తెరువు, కానీ చదవడానికి. మీ చుట్టుపక్కల మండలాల్లో ఇంతకుముందు ఎవరు కొలిచారు, ఏ నెలలో కొలిచారు, ఏ పద్ధతిలో, ఏది వదిలేశారు, ఇది నోట్ చేసుకో. చాలా థీసిస్‌ల చివర్లో ఇంకా చెయ్యాల్సిన పని గురించి ఒక పేజీ ఉంటుంది, నేనైతే ముందు అదే చదువుతాను. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదనీ వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా పర్లేదనీ మన దేశ ప్రమాణం, నీ అంకెలన్నీ దాని పక్కన పెట్టి చూస్తావు కాబట్టి అది మొదట్లోనే రాసుకో. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మీ జిల్లా పేరే వాడుతుంది, నల్గొండ టెక్నిక్ అని, అది కూడా చదువు, ఆ జిల్లా పిల్లగా నీకు తెలిసుండాలి.

ఇక పని దగ్గరికొస్తే, శాంపిల్ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టు, ఫ్లోరైడ్‌కి గాజు పడదు. బాటిల్ మీద బోరు నంబరు, తేదీ, టైము అక్కడే రాసెయ్, ఇంటికొచ్చాక రాద్దామనుకుంటే ఏది ఏ బోరుదో కలిసిపోతుంది. లోతు సంగతి ఒక్క ఓనర్నే అడిగి నమ్మకు, బోరు వేయించినప్పుడు పక్కనున్నవాళ్ళని కూడా అడుగు, లోతు తప్పయితే నీ ప్రశ్నే కూలిపోతుంది. ఫ్లోరైడ్ మీటరు పెట్టేముందు స్టాండర్డ్‌తో, అంటే ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణంతో సరిచూసుకుని, ఒక్కో నీళ్ళని మూడుసార్లు కొలువు. మూడోసారి తేడాగా వస్తే దాన్ని కొట్టెయ్యకు, తేడాగానే రాయి.

రిజల్ట్ రాకపోతే అన్నావు కదా, నీకు సికింద్రాబాద్ సంగతి చెప్తాను. మలేరియా క్రిమిని 1880లోనే లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు చూశాడు, కానీ అది మనిషికెలా వస్తుందో తెలీదు. దోమకి సంబంధం ఉందని మాన్సన్ అనే బ్రిటిష్ డాక్టరు ఊహ, దోమలు చచ్చిన నీళ్ళు తాగితే వస్తుందేమో అనుకున్నాడు. మన దగ్గర మిలటరీ డాక్టరుగా ఉన్న రొనాల్డ్ రాస్ ఆ నీళ్ళు మనుషులతో తాగించి కూడా చూశాడు (ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా). తేలలేదు. 1895 నుంచి దాదాపు రెండేళ్ళు దోమల్ని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తూనే ఉన్నాడు, ఏమీ లేదు, ఎందుకంటే అవి మలేరియా మోసే జాతే కాదు. ఆ సంగతి ఆయనకి తెలీదు, కానీ ఏ రకం దోమలో చూశాడో, ఏం కనపడలేదో రాసుకుంటూ పోయాడు. చివరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికితే హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు, కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న అలాంటి దోమ పొట్ట గోడలో క్రిమి కనపడింది. అక్కడితో అయిపోయిందనుకోలేదు, తర్వాతేడాది కలకత్తాలో పక్షుల మీద చేసి దోమ కుట్టడం వల్లే వస్తుందని మొత్తం దారి చూపించాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన బిల్డింగ్ బేగంపేటలో ఉంది, హైదరాబాద్ వెళ్ళినప్పుడు చూడు.

ఆ రెండేళ్ళ "లేదు"లు రాసుండకపోతే కొత్త రకం దోమ దొరికినప్పుడు తేడా ఎలా తెలిసేది? అందుకే లోతుకీ ఫ్లోరైడ్‌కీ సంబంధం లేదని వస్తే లేదనే రాయి, ఎన్ని బోర్లు చూశావో, ఎన్నిట్లో నువ్వనుకున్నది తప్పయిందో పట్టిక వెయ్యి. వైవాలో అడిగితే నోట్‌బుక్ తీసి చూపించు. పరీక్షకులుగా కూర్చున్నవాళ్ళం మేం చూసేది కూడా అదే, అంకెలు మరీ నున్నగా వస్తేనే మాకు అనుమానం.

ప్రశ్న: 10 శాతం లోపు కాపీ ఉంటే యూజీసీ ఒప్పుకుంటుందట, నిజమేనా?
– పీజీ విద్యార్థి

జవాబు: యూజీసీ 2018 రూల్స్‌లో, థీసిస్‌కి వేరేవాళ్ళ రాతతో 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు మార్చి మళ్ళీ ఇమ్మంటారు, 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ బాబూ, ఆ 10 శాతం కొట్టుకొచ్చుకోడానికిచ్చిన కోటా కాదు, సబ్జెక్టు మాటలు అందరి రాతలోనూ ఒకేలా వస్తాయి కాబట్టి ఇచ్చిన సడలింపు. ఇంకొకరి ఆలోచన పేరు చెప్పకుండా వాడితే కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ 3 శాతం చూపించినా అది దొంగతనమే. నేను చేసే పద్ధతి చెప్తాను, పేపర్ చదివి మూసేసి, గుర్తున్నది నా మాటల్లో రాసుకుని, తర్వాత తెరిచి సరిచూసుకుని, పేజీ నంబరు అప్పుడే పక్కన వేసుకుంటాను.