ఎలుక దిగులు పడిందని రాయకు

శ్రీకాకుళం

అమ్మా,

అండాశయాల గురించి, వయసు గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. మన ఆడవాళ్లకు కావలసిన విషయం ఎత్తుకున్నావు. అందుకే గట్టిగా దిద్దుతున్నాను.

మొదటి వాక్యంలోనే "అండాశయాలు తీసేసిన ఎలుకలు డిప్రెషన్‌లో పడ్డాయి" అన్నావు. అది మనం తీసిన అర్థం. ప్రయోగశాలలో చూసింది వేరు. పొడుగాటి గాజు సిలిండర్లో 23 నుంచి 25 డిగ్రీల నీళ్లు పోసి ఎలుకను వదిలారు. మొదటి రోజు 15 నిమిషాలు, మర్నాడు 5 నిమిషాలు. రెండో రోజు అది ఈదకుండా, మూతి మాత్రం పైకి పెట్టుకుని ఎన్ని సెకన్లు తేలిందో లెక్కపెట్టారు. అండాశయాలు తీసిన ఎలుకల్లో చాలా ప్రయోగాల్లో ఆ సెకన్లు పెరిగాయి, అండాశయాల్లో తయారయ్యే ఎస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇస్తే తగ్గాయి. ఇంతవరకే రాయి. పోర్సోల్ట్ అనే శాస్త్రవేత్త బృందం 1977లో ఈ పరీక్షను తెచ్చింది డిప్రెషన్ మందులను వడబోయడానికి. తేలుతూ ఉండిపోవడం నిరాశో, ఈది లాభం లేదని తెలుసుకుని ఓపిక దాచుకోవడమో ఇప్పటికీ తేలలేదు. ఆ మాట కూడా వ్యాసంలో ఉండాలి.

ఒక్క పరీక్షతో ఆగకు. ఒక సీసాలో 1 శాతం పంచదార నీళ్లు, ఇంకో సీసాలో మామూలు నీళ్లు పెట్టి ఏది ఎంత తాగిందో కూడా చూస్తారు. తీపి మీద మోజు తగ్గిందా అని. మధ్యలో సీసాల చోటు మార్చారో లేదో వెతుకు. మార్చకపోతే, ఎలుక ఒకే వైపుకి వెళ్లే అలవాటును మనం ఇష్టం అనుకుంటాం.

రెండో తప్పు ఇంకా పెద్దది. అండాశయాలు తీయడాన్ని, ముసలితనాన్ని ఒకే గాట కట్టేశావు. ఆపరేషన్‌తో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. వయసుతో అలా జరగదు. నాలుగైదు రోజులకోసారి తిరిగే ఎలుక అండాశయ చక్రం 9–12 నెలల వయసులో గతి తప్పుతుంది. తర్వాత చాలా ఎలుకలు ఎడతెగని ఈస్ట్రస్‌లో, అంటే చక్రంలో జతకట్టే దశలోనే, ఉండిపోతాయి. అప్పుడు అండం విడుదల కాదు, ప్రొజెస్టెరాన్ అనే ఇంకో అండాశయ హార్మోన్ తగ్గిపోతుంది, ఎస్ట్రాడయోల్ మాత్రం ఇంకా వస్తూనే ఉంటుంది. కాబట్టి ముసలి ఎలుకను చూపించి ఇదే మెనోపాజ్ (ముట్లుడగడం) అనకూడదు. వీసీడీ అనే రసాయనం వాడిన పరిశోధనలు ఆడవాళ్ల మెనోపాజ్‌కు కొంత దగ్గర. అది చిన్న ఫాలికిల్స్‌ను, అంటే అండాలు పెరిగే బుడిపెలను, మెల్లగా చంపుతుంది, అండాశయం మాత్రం ఒంట్లోనే ఉంటుంది.

బరువు సంగతి అసలు మరిచిపోవద్దు. అండాశయాలు తీసిన ఎలుక లావెక్కుతుంది, లావెక్కిన ఒళ్లు నీళ్లలో సులువుగా తేలుతుంది. ముసలిదైతే కండ కూడా తగ్గి ఉంటుంది. ఖాళీ పెట్టెలో వదిలినప్పుడు అది ఎంత దూరం నడిచిందో చెప్పని పరిశోధనలో "కదల్లేదు" అన్న మాటను నమ్మకు.

పరిశోధన పత్రం చేతికి రాగానే ముందు పద్ధతుల భాగం తియ్యి. పొట్ట కోసి, ఏమీ తియ్యకుండా కుట్టేసిన అదే వయసు ఎలుకలు పోలికకు ఉన్నాయా? చివర్లో గర్భాశయాన్ని తూచారా? ఆపరేషన్ సరిగ్గా జరిగితే అది దారంలా సన్నబడుతుంది. సన్నబడలేదంటే అండాశయం ముక్క ఎక్కడో మిగిలిపోయినట్టే. మేతలో సోయా ఉందా? సోయాలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలుంటాయి, అవి లెక్క చెడగొడతాయి. హార్మోన్ ఎప్పుడు మొదలుపెట్టారు? ఆపరేషన్ అయిన వెంటనే ఇస్తే కనిపించిన మేలు, నెలలు గడిచాక ఇస్తే చాలాసార్లు కనిపించలేదు.

ఇక నీ పాఠకురాలు. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆవిడో, చీపురుపల్లి సంతలో కూరగాయలమ్మే ఆవిడో నీ వ్యాసం చదివించుకుని వింటుంది. గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుస. "అండాశయాలు తీస్తే" అని నువ్వు రాస్తే ఆవిడకు తన ఆపరేషనే గుర్తొస్తుంది. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే హార్మోన్లు వస్తూనే ఉంటాయి, మెనోపాజ్ మాత్రం కాస్త ముందుగా రావచ్చు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీస్తే సంగతి వేరు. ఏం తీశారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, చదివించుకోమని రాయి. నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తుంటే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమను. ఎలుకల దగ్గరికి రాకముందే, రెండో పేరాలోనే ఇది రావాలి.

ఆ పేరా ముందు రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో