నోట్సు రాయడం, తిరగేయడం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తరగతిలో అధ్యాపకులు చెప్పేదాంట్లో ఒక్క మాట కూడా పోకుండా రాసుకోవాలని ప్రయత్నిస్తాను. నోట్సు పుస్తకాలు నిండిపోతున్నాయి గానీ, పరీక్షల ముందు తెరిస్తే అదంతా వేరెవరో రాసినట్టు అనిపిస్తోంది. నేను రాసే పద్ధతిలో లోపం ఎక్కడుందో దయచేసి తెలియజేయగలరు.
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీరు పడుతున్న శ్రమ తక్కువది కాదు. అయితే అందులో అధిక భాగం చేతివేగానికే ఖర్చయిపోతోంది. మాట్లాడే వేగం రాసే వేగానికి కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి, ప్రతి మాటనూ పట్టుకోవాలనుకునే విద్యార్థి గడిచిపోయిన వాక్యాన్ని రాస్తూ, నడుస్తున్న వాక్యాన్ని సగమే వింటాడు. అర్థం చేసుకునే పనిని ఇంటికి వెళ్ళాక చూసుకుందామని వాయిదా వేస్తాడు, ఇంటికి వెళ్ళాక ఆ పుస్తకం తెరవడు. నెలల తర్వాత ఆ పేజీలు పరాయివిగా తోచడానికి కారణం ఇదే.

నోట్సు వల్ల కలిగే ప్రయోజనాలను 1972లో డి వెస్టా, గ్రే అనే పరిశోధకులు రెండుగా విడదీసి చూపారు. రాసే క్రమంలోనే విషయం మనసుకు ఎక్కడం మొదటిది. తర్వాత చూసుకోవడానికి ఒక ఆధారం మిగలడం రెండోది. మీ పద్ధతిలో మొదటిది దాదాపుగా జరగడం లేదు. రెండోదాన్ని మీరు పరీక్షల దాకా ముట్టుకోవడం లేదు.

ఏది రాయాలో, ఎంత రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. జడత్వం గురించి పాఠం జరుగుతోందనుకోండి. వేగంగా వెళ్తున్న బస్సుకు హఠాత్తుగా బ్రేకు వేస్తే ప్రయాణికులు ముందుకు ఎందుకు తూలుతారో, బరువైన బండిని కదిలించడం ఎందుకు కష్టమో అధ్యాపకులు ఎనిమిది, పది వాక్యాల్లో వివరిస్తారు. అవన్నీ రాయనక్కరలేదు. అలాగని తొందరలో ‘జడత్వం – ద్రవ్యరాశి’ అని రెండు మాటలు రాసి వదిలేస్తే, వాటి మధ్య ఉన్న సంబంధమేమిటో పక్షం రోజుల తర్వాత మీకే తెలియదు. ‘ద్రవ్యరాశి పెరిగితే జడత్వం పెరుగుతుంది. బ్రేకు వేస్తే బస్సు ఆగుతుంది, శరీరం పాత వేగంతోనే ముందుకు పోతుంది’ అని రాసుకుంటే సంబంధమూ, కారణమూ రెండూ కాగితం మీద నిలుస్తాయి. నోట్సులో క్రియాపదాలను వదలవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. పేర్లు, పదాలు పాఠ్యపుస్తకంలో ఎలాగూ దొరుకుతాయి. ఏది దేన్ని పెంచుతుంది, ఏది దేనికి అడ్డుపడుతుంది, ఏ షరతు మీద ఆ సూత్రం వర్తిస్తుంది అన్నవే ముందుగా జారిపోతాయి.

నిర్వచనాలు, సూత్రాలు, తేదీలు మాత్రం చెప్పినవి చెప్పినట్టే దించుకోండి. అధ్యాపకులు రెండోసారి చెప్పిన మాటకు, ‘దీనికి మినహాయింపు ఒకటుంది’ అన్న చోటుకు పక్కన ఒక గీత గీయండి. ఏదైనా అందకుండా పోతే దాని వెంట పరుగెత్తకుండా రెండు వరుసలు ఖాళీ వదిలి, ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి; తరగతి అయిన వెంటనే అధ్యాపకులనో, తోటివారినో అడిగి పూరించండి. గణితంలోనైతే మెట్లన్నీ దించుకోవడం తప్పదు గానీ, ఆ మెట్టు ఎందుకు వేశారో పక్కన నాలుగు మాటల్లో రాయకపోతే ఆ లెక్క ఆ ఒక్క లెక్కకే పనికివస్తుంది.

పేజీ అమరిక విషయానికి వస్తే, కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ 1950లలో రూపొందించిన పద్ధతి ఇప్పటికీ వాడదగినదే. పేజీకి ఎడమ వైపు సుమారు రెండున్నర అంగుళాలు, అడుగున రెండు అంగుళాలు ఖాళీగా వదిలి, మిగిలిన పెద్ద భాగంలో తరగతి నోట్సు రాస్తారు. ఆ రోజే, లేదా మరునాటిలోగా, ఎడమ వైపు ఖాళీలో ఆ పేజీ దేనికి సమాధానమో ఆ ప్రశ్నలు రాస్తారు. అడుగు భాగంలో పేజీ సారాంశాన్ని రెండు మూడు వాక్యాల్లో సొంత మాటల్లో చెబుతారు. పై ఉదాహరణకు ఎడమ వైపు ‘జడత్వం’ అని శీర్షిక పెడితే ప్రయోజనం ఉండదు. ‘బ్రేకు వేస్తే ప్రయాణికుడు ముందుకు ఎందుకు తూలుతాడు?’ అని రాయాలి. కుడి భాగాన్ని కాగితంతో మూసి, ఆ ప్రశ్నకు సమాధానం గట్టిగా చెప్పుకొని, తర్వాత తెరిచి సరిచూసుకోవాలి. చాలామంది గీతలు శ్రద్ధగా గీసి, ఎడమ భాగాన్ని ఖాళీగానే ఉంచేస్తారు. అలాంటప్పుడు ఈ పద్ధతిలో మిగిలేది వెడల్పు తగ్గిన పేజీ ఒక్కటే.

ప్రశ్న: నోట్సును రెండు మూడు సార్లు చదివి, ముఖ్యమైన వాక్యాల మీద హైలైటర్‌తో రంగు వేస్తాను. చదువుతున్నప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది, ప్రశ్నపత్రం చూస్తే తోచదు. ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో రివిజన్ చేయాలి?
– పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న పాఠకుడు

జవాబు: చదువుతున్నప్పుడు ‘వచ్చినట్టే’ ఉండడమే ఇక్కడి చిక్కు. కళ్ళ ముందున్న వాక్యాన్ని గుర్తుపట్టడం వేరు, ఎదురుగా ఏమీ లేనప్పుడు దాన్ని జ్ఞాపకం నుంచి బయటికి తీయడం వేరు. పరీక్షలో మిమ్మల్ని అడిగేది రెండోది, మీరు అభ్యాసం చేస్తున్నది మొదటిది.

ఈ తేడా ఎంతటిదో 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగం చూపింది. ఒక పాఠ్యభాగాన్ని కొందరు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే కొంత ముందున్నారు. వారం తర్వాత మాత్రం వారికి 42 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకొని రాసినవారికి 56 శాతం గుర్తుంది. పరీక్షకు ముందు రాత్రి మళ్ళీ మళ్ళీ చదివి ధైర్యం తెచ్చుకునేవారు గమనించవలసింది ఆ మొదటి ఐదు నిమిషాల ఫలితాన్ని. ఆ ధైర్యం అబద్ధం కాదు గానీ, ఎక్కువ కాలం నిలిచేది కాదు. డన్లాస్కీ, ఆయన సహచరులు 2013లో పది అభ్యసన పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలను సమీక్షించినప్పుడు హైలైటర్ వాడకానికీ, తిరిగి చదవడానికీ తక్కువ స్థానమే దక్కింది. తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పంచుకోవడం పైస్థానంలో నిలిచాయి.

వ్యవధి గురించి అడిగారు. మరుపు ఎలా జరుగుతుందో 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాల్లో కొలిచి చూపారు. మరుపు మొదటి గంటల్లో చాలా వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఆయన కంఠస్థం చేసినవి అర్థంలేని అక్షరాల గుంపులు కాబట్టి, అర్థం తెలిసి చదివిన పాఠం అంత త్వరగా పోదు. అయినా మొదటి పునశ్చరణకు ఆలస్యం చేయకూడదన్నది దాని నుంచి నేర్చుకోదగిన విషయం. నా సలహా ఇది: పాఠం విన్న మరునాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి, ఆపైన నెలకొకసారి. ఈ అంకెలు శాసనం కావు. పరీక్ష దూరంగా ఉంటే వ్యవధులు పెంచుకోవచ్చు, దగ్గరపడితే కుదించుకోవచ్చు. ప్రతిసారీ మొదట పుస్తకం మూసి ఎడమ వైపు ప్రశ్నలకు సమాధానం చెప్పాలి, తర్వాతే తెరవాలి. తడబడకుండా వచ్చినవాటిని వదిలేసి, రానివాటికి చుక్క పెట్టి, మరుసటిసారి వాటితోనే మొదలుపెట్టండి. కాసేపు ఆలోచించినా గుర్తు రాకపోతే నిరుత్సాహపడవద్దు. అలా తంటాలు పడి, తర్వాత జవాబు చూసుకున్న విషయమే బాగా నాటుకుంటుంది.

రంగు వేయడం మానలేకపోతే, గుర్తు రాని వాక్యాలకు మాత్రమే వేయండి. అప్పుడా రంగు ఒక సమాచారం ఇస్తుంది.

ప్రశ్న: నోట్సు చేత్తో రాయాలా, ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకోవాలా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: చేతిరాతే మేలని ముల్లర్, ఓపెన్‌హైమర్ 2014లో ప్రచురించిన అధ్యయనం విస్తృత ప్రచారం పొందింది. టైపు చేసేవారు విన్నది విన్నట్టే దించుకుంటున్నారనీ, అవగాహనను పరీక్షించే ప్రశ్నల్లో వెనుకబడుతున్నారనీ అది చెప్పింది. తర్వాత ఆ ప్రయోగాన్ని తిరిగి చేసినవారికి అంత స్పష్టమైన తేడా కనబడలేదు. కాబట్టి సాధనం గురించి పట్టుదల అక్కరలేదు. టైపు చేసినా విని, కుదించి, సొంత మాటల్లో చేయండి. సర్క్యూట్లు, పటాలు, సమీకరణాలు ఎక్కువగా ఉండే మీ చదువుకు కాగితమే సులువు. బోర్డును ఫోన్‌తో ఫొటో తీసుకోవడం తప్పేమీ కాదు గానీ, ఆ రోజు సాయంత్రం దాన్ని చూసి నోట్సులో గీసుకోకపోతే అది గ్యాలరీలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి తరగతిలో రాసిన నోట్సును ప్రతి ఆదివారం మరో పుస్తకంలోకి అందంగా ఎక్కిస్తుంది. దానికి గంటలు పడుతున్నాయి. వద్దని చెప్పాలా?
– ఒక తల్లి

జవాబు: వద్దని చెప్పకండి. ఆ శ్రద్ధను చిన్నబుచ్చితే చదువు మీదే విరక్తి పుట్టవచ్చు. చేసే తీరును మాత్రం మార్చమనండి. పాత పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకొని ఎక్కిస్తే అది నకలు రాయడమే అవుతుంది, మనసుకు పని ఉండదు. ముందుగా పాత పుస్తకం మూసి, ఆ వారం పాఠం నుంచి గుర్తున్నదంతా కొత్త పుస్తకంలో రాయమనండి. తర్వాత పాత పుస్తకం తెరిచి, తప్పిపోయినవాటిని వేరే రంగు సిరాతో చేర్చమనండి. మొదటి వారాల్లో పేజీ నిండా ఆ రెండో రంగే కనబడవచ్చు, అందుకు మీరు కంగారు పడవద్దు. మరుసటి ఆదివారం కొత్త పాఠం మొదలుపెట్టే ముందు, ఆ రంగులో ఉన్నవాటిని మీరే ప్రశ్నలుగా అడగండి. ఆ పాఠం మీకు తెలియకపోయినా ఫరవాలేదు, పుస్తకం మీ చేతిలో ఉంటుంది.