చెవిలో కూర్చోకపోతే ఎంత పెట్టినా దండగే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వైరు ఇయర్‌ఫోన్ల మీదే ఉన్నాయి. అవే, చైనా కంపెనీలు చేసే ఐఈఎంలు, అంటే ఇన్-ఇయర్ మానిటర్లు. స్టేజీ మీద పాడేవాళ్లు అంత హోరులోనూ తమ గొంతు తమకు వినపడాలని చెవిలో దూర్చుకునే సరుకు ఇది, ఒకప్పుడు వేలకు వేలు పెడితే గానీ దొరికేది కాదు, ఇప్పుడు పదిహేను వందలకు కాలేజీ పిల్లల జేబుల్లోకి వచ్చేసింది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి కొన్నింటికి జవాబు రాస్తున్నా.

అన్నా, నేను జనగామ నుంచి రోజూ హనుమకొండ వచ్చి డిగ్రీ చదువుతున్నా. ట్రైన్‌లో పాటలు వినడానికి రెండు వేల లోపు ఐఈఎం కావాలి. మా ఫ్రెండ్ ఒకటి చూపించిండు, ఒక్కో చెవికి ఐదు డ్రైవర్లట. ఇంకోదాంట్లో ఒకటే డ్రైవర్, కానీ ధర దానికంటే ఎక్కువ. ఐదున్నది వదిలేసి ఒకటున్నది ఎందుకు కొనాలి?
— ఒక విద్యార్థి, జనగామ

తమ్ముడూ, పెళ్లి బ్యాండులో ఇరవై మంది ఉన్నంత మాత్రాన పాట బాగుంటుందని ఎవరైనా చెప్పారా? డ్రైవర్ అంటే లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకరు. డైనమిక్ డ్రైవర్ మనింట్లో స్పీకర్ లాంటిదే, కాకపోతే పది మిల్లీమీటర్ల బిళ్లంత. ఇంకో రకం బాలెన్స్‌డ్ ఆర్మేచర్, అది వినికిడి యంత్రాల్లో కూడా వాడేది, చాలా చిన్నది, సన్నటి శబ్దాలు బాగా పలుకుతుంది. ఐదారు పెడితే ఏది ఎక్కడిదాకా పలకాలో, ఎక్కడ ఆగి ఇంకోదానికి దారివ్వాలో చూసుకోవాలి. ఆ పని సరిగ్గా చేయాలంటే ఖర్చవుతుంది. రెండు వేలకు ఐదు డ్రైవర్లు ఇచ్చేవాడు ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట మిగుల్చుకుంటాడు కదా. అందుకే ఈ ధరలో నేనైతే ఒకటే డైనమిక్ డ్రైవర్ ఉన్నదానికే ఓటేస్తా.

పేర్లు కూడా చెప్తా. చెంగ్డూ ఊరి కంపెనీ మూన్‌డ్రాప్ వాళ్లది ‘చూ 2’ అని ఉంది (పేరేమో చూ, పనేమో వినడం). ఒకటే పది మిల్లీమీటర్ల డ్రైవర్, ఊడదీసుకోగలిగే కేబుల్, రెండు వేలకు అటూ ఇటూ. సెవెన్ హెర్ట్జ్ వాళ్ల ‘జీరో 2’ కూడా ఒకే డ్రైవర్, క్రినకిల్ అనే పేరుతో ఇయర్‌ఫోన్ల కొలతలు వేసే సింగపూర్ సమీక్షకుడితో కలిసి చేసింది. బేస్ కాస్త నిండుగా కావాలంటే నేను దీన్నే చెప్తా. టాంగ్‌జు వాళ్ల ‘వాన్ఎర్’ ఇంకొంచెం మెత్తగా ఉంటుంది, గంటల తరబడి విన్నా చెవి అలిసిపోదు. షెన్‌జెన్ ఊరి కంపెనీ కేజెడ్ వాళ్లవి ఇంకా తక్కువకే దొరుకుతాయి కానీ వాళ్లవాటిలో చాలావరకు బేస్, పైనున్న సన్నటి చప్పుడు రెండూ ఎత్తి, గొంతును కాస్త వెనక్కి నెట్టి పెడతారు. దీన్నే వీ-షేప్ అంటారు. దుకాణంలో ముప్పై సెకన్లు వింటే ‘అబ్బా’ అనిపించేది ఇదే, జనగామ నుంచి కాజీపేట వచ్చేలోపు తలనొప్పి తెప్పించేది కూడా కొందరికి ఇదే. నీకు డీజే పాటలే ఇష్టమైతే మాత్రం నిక్షేపంగా తీసుకో, అందులో తప్పేం లేదు.

ఎట్లా పోల్చుకోవాలంటావా, నేనొక పని చేస్తా. మా మేనత్త వాళ్ల వాడలో సద్దుల బతుకమ్మ రాత్రి ఫోన్‌లో రికార్డు చేసుకున్న ముక్క ఒకటి నా దగ్గరుంది. ఒకావిడ పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు, అందరూ కలిసి చప్పట్లు. మంచి ఇయర్‌ఫోన్‌లో ఎత్తుకున్నావిడ గొంతు గుంపులో కలిసిపోకుండా ముందుంటుంది, చప్పట్లు చప్పట్లలాగే వినిపిస్తాయి, గాజుల గలగల విడిగా తెలుస్తుంది. పాడుదాంట్లో చప్పట్లు నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటమంటాయి. ఫోన్ రికార్డింగ్ గొప్పదేం కాదు, కానీ ఆ గొంతులు అసలెట్లా ఉంటాయో నాకు తెలుసు. అది ముఖ్యం. నీకు బాగా తెలిసిన గొంతు ఏదైనా పెట్టుకుని విను, డబ్బాల మీద రాసిన అంకెల కంటే అదే నయం.

మైక్ ఉన్న కేబుల్ తీసుకో, కొంచెమే తేడా, ఇంటి నుంచి ఫోనొస్తే ప్రతిసారీ తీసి పెట్టుకోనక్కర్లేదు. చైనా వాళ్ల ఆన్‌లైన్ కొట్టు అలీఎక్స్‌ప్రెస్‌లో కొందామనుకుంటున్నావేమో, దాన్ని 2020 నవంబర్‌లోనే మన ప్రభుత్వం నిషేధించింది. వారంటీ బిల్లు ఇచ్చే మన దేశపు అమ్మకందార్ల దగ్గరే కొను. నేను చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో అచ్చం అసలుదానిలాగే ఉన్న డబ్బా చూసి ఐదొందలు తక్కువని మురిసిపోయి కొన్నా, ఇంటికెళ్లి చూస్తే కుడి చెవిలో శబ్దం ఎడమలో సగం. బిల్లడిగితే కాగితం ముక్క మీద పెన్నుతో రాసిచ్చాడు, దాన్ని పట్టుకుని ఎవరిని అడుగుతాం.

ఇంకో మాట, ప్లాట్‌ఫాం మీద నడిచేటప్పుడు, పట్టాల దగ్గర తీసెయ్. ఇది బయటి శబ్దం మూసేస్తుంది. ఎక్కి కూర్చున్నాక పెట్టుకో.

మంచిదని అందరూ చెప్తే జీరో 2 తెప్పించుకున్నాను. బేస్ అస్సలు లేదు, రేకు డబ్బా మోగినట్టుంది. చెవి నొప్పి కూడా. వెనక్కి పంపేయాలా?
— ఒక గృహిణి, కరీంనగర్

పంపకండి అక్కా, ఇంకా డబ్బా పారేయలేదుగా? అందులో చిన్న సంచీలో రబ్బరు టిప్పులు వేరే సైజులవి ఉంటాయి, చాలామంది వాటిని కనీసం విప్పి చూడరు. బేస్ లేకపోవడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం, టిప్పుకి చెవి గోడకి మధ్య సందు ఉండటమే. ట్యూబుకి చిల్లు పడితే గాలి ఎట్లా పోతుందో, ఆ సందులోంచి బేస్ అట్లా పోతుంది, సన్నటి శబ్దం ఒక్కటే మిగులుతుంది, అదే మీకు రేకు డబ్బా.

ఇట్లా చేసి చూడండి. ముందు వైరు చెవి మీదుగా వెనక్కి తిప్పి వేసుకోవాలి, మామూలు ఇయర్‌ఫోన్ లాగా కిందికి వేలాడదీయకూడదు, ఎల్ అని ఉన్నది ఎడమకి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేత్తో తలకాయ వెనకనుంచి చెవి పైకొసను పట్టుకుని కొంచెం పైకి, వెనక్కి లాగండి, దారి తెరుచుకుంటుంది. అప్పుడు టిప్పు లోపల పెట్టి అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ నొక్కండి, చెవి వదిలేయండి. పెట్టేటప్పుడు లోపల కిర్రుమని సన్నగా వినిపిస్తే భయపడకండి, గాలి ఒత్తిడికి డ్రైవర్ పొర కదిలిన చప్పుడది. సరిగ్గా కూర్చుంటే మీ మాట మీకే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది, ఫ్యాన్ చప్పుడు తగ్గిపోతుంది. ఇప్పుడు ఒక డప్పు పాట పెట్టి వేలితో ఇయర్‌ఫోన్‌ను లోపలికి కొంచెం నొక్కి చూడండి. నొక్కినప్పుడు దెబ్బ బరువెక్కి, వదిలేస్తే తేలిపోతే, టిప్పు మీకు చిన్నదైనట్టు, పెద్ద సైజు వేయండి. నొప్పి పుడుతుంటే పెద్దదైనట్టు. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని కూడా లేదు, నాకు కుడి చెవికి మీడియం, ఎడమకి లార్జ్. ఏదీ కుదరకపోతే ఫోమ్ టిప్పులు దొరుకుతాయి, వేళ్ల మధ్య నలిపి పెడితే లోపల ఉబ్బి ఖాళీ నింపేస్తాయి, కొన్ని నెలలకు చీకిపోతాయి కానీ నొప్పి ఉండదు.

ఇంత చేసినా నొప్పి రబ్బరు దగ్గర కాకుండా చెవి డొప్పలో ప్లాస్టిక్ ఒరుసుకునే చోట ఉంటే మాత్రం ఆ ఆకారం మీ చెవికి పడలేదన్నమాట. అప్పుడు గడువు దాటకముందే వాపస్ ఇచ్చేయండి, సర్దుకుపోవాల్సిన పని లేదు.

నా ఫోన్‌కి హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు. రెండొందలకు దొరికిన టైప్-సీ ముక్క పెడితే పలకడం లేదు. ఇయర్‌ఫోన్ పాడైందా?
— మెడికల్ షాపులో పనిచేసే పాఠకుడు, జగిత్యాల

ఇయర్‌ఫోన్ బాగానే ఉండి ఉంటుంది, ఆ ముక్కతోనే తంటా. కొన్ని ముక్కల్లో ఉత్త వైరు తప్ప ఏమీ ఉండదు, ఫోనే టైప్-సీ గుండా పాట శబ్దాన్ని నేరుగా పంపగలిగితేనే అవి పలుకుతాయి. చాలా ఫోన్లు అట్లా పంపవు. మీకు కావాల్సింది లోపల డాక్ చిప్, అంటే ఫోన్ పంపే అంకెల్ని ఇయర్‌ఫోన్ పలికేలా మార్చే చిప్ ఉన్న ముక్క, దాన్నే డాంగిల్ అంటారు, కొనేముందు డబ్బా మీద డాక్ (DAC) అనే మాట ఉందో లేదో చూసుకోండి. ఆపిల్ వాళ్ల చిన్న డాంగిల్ మంచిదే కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో దానితో వాల్యూమ్ పూర్తిగా పెంచినా శబ్దం తక్కువే వస్తుంది. జేకాలీ లాంటి కంపెనీలవి వెయ్యి రూపాయల చుట్టూ దొరుకుతాయి, ఈ ఇయర్‌ఫోన్లకు అవి చాలు. ఇంతకు మించి శబ్దం పెంచే ఆంప్‌లూ గీంప్‌లూ అని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి, చూ 2 లాంటివి ఫోన్ ఇచ్చే కరెంటుకే గట్టిగా మోగుతాయి.

మా అబ్బాయి ఇంటర్. పొద్దున లేచింది మొదలు చెవిలో అవే. పిలిస్తే పలకడు. చెవుడు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది సార్.
— ఒక తల్లి, మంచిర్యాల

అమ్మా, మీ టెన్షన్‌లో అర్థముంది, కానీ చెవిలో పెట్టుకోవడం కంటే ఎంత శబ్దం, ఎంతసేపు అన్నదే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి, 90 దగ్గరకు వచ్చేసరికి వారం మొత్తానికి నాలుగు గంటలే. పిల్లలకైతే 75 దాటొద్దంటారు. చూశారా, వాల్యూమ్ కొంచెమే పెంచినట్టుంటుంది, లెక్కలో మాత్రం అంత తేడా.

ఒక విధంగా ఈ రకం ఇయర్‌ఫోన్ వాడికి మేలే. బస్సు హోరులో రంధ్రం మూయని ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడు పాట వినపడక వాల్యూమ్ పైకి తోస్తాడు, చెవి మూసుకుంటే తక్కువలోనే వినిపిస్తుంది. పిలిస్తే పలకకపోవడం చెవుడే కానక్కర్లేదు, ఆ మూత వల్ల కావచ్చు (సగం, మిగతా సగం ఇంటర్ వయసు). ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ హద్దు పెట్టే వీలు చాలా ఫోన్లలో ఉంది, పక్కన కూర్చుని వాడితోనే పెట్టించండి, దొంగతనంగా మీరు పెడితే రెండు నిమిషాల్లో తీసేస్తాడు. ఇయర్‌ఫోన్ తీశాక చెవిలో గుయ్‌మని మోగుతోందంటే, టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నాడంటే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి, ఆలస్యం చేయకండి.

మా ఆయనది బొగ్గుబాయిల నైట్ షిఫ్ట్. పగలు పడుకుంటే పిల్లల లొల్లి, పక్కింటోళ్ల మిక్సీ. ఇవి పెట్టుకుని పడుకోవచ్చా?
— గోదావరిఖని

పడుకోవచ్చు గానీ పక్కకు తిరిగితే దిండు నొక్కుకుని చెవిలో గుచ్చుకుంటుంది, వైరు మెడకు చుట్టుకుంటుంది. నిద్ర కోసమే అయితే దీని మీద డబ్బులు పెట్టకండి. మెడికల్ షాపులో మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ అడగండి, యాభైకో వందకో అయిపోతుంది. లొల్లి పూర్తిగా పోదు, మిక్సీ మాత్రం పక్కింట్లోంచి పక్క వీధిలోకి పోయినట్టుంటుంది.

కొన్న నాలుగు నెలలకే ఒక చెవిలో శబ్దం బాగా తగ్గిపోయింది. కొత్త కేబుల్ వేస్తే ఇప్పుడు రెండు చెవులూ పలుకుతున్నాయి గానీ పాట నడిమధ్య నుంచి కాకుండా ఎక్కడో చుట్టూ తిరుగుతున్నట్టుంది. ఇదేం తిప్పలు?
— మగ్గం పని చేసే పాఠకుడు, కొత్తవాడ, వరంగల్

మీవి రెండు వేరు వేరు సమస్యలు కావచ్చు. నాలుగు నెలలకు ఒకవైపు తగ్గిందంటే ముందు చూడాల్సింది కేబుల్ కాదు, నాజిల్ (టిప్పు తొడిగే గొట్టం) మీదున్న జాలీ. టిప్పు తీసి వెలుతురుకి పెట్టి చూడండి, గులిమో, మగ్గం దగ్గర ఎగిరే దూదో, రెండూ కలిసో దాన్ని మూసేసి ఉండొచ్చు. పొడి మెత్తటి బ్రష్‌తో, నాజిల్ కిందికి వంచి, పైపైన దులపండి. సూది పెట్టి పొడవద్దు, జాలీ లోపలికి పోతుంది. చూ 2 లాంటివాటికి నాజిల్ మరతో ఊడొస్తుంది, కొత్తది వేసుకోవచ్చు.

ఇక పాట చుట్టూ తిరగడం అంటారా, కేబుల్‌కు ఒక్కో చెవి దగ్గర రెండు పిన్నులుంటాయి, వాటిని తిప్పి గుచ్చినా లోపలికి పోతాయి. ఒకవైపు సరిగ్గా, ఇంకోవైపు తిరగేసి పెడితే ఒక డ్రైవర్ ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. అప్పుడు గొంతు నడిమధ్య నిలబడదు, బేస్ కూడా పలచబడుతుంది. ఒకవైపు ఊడదీసి, పిన్ను ఇటుది అటు తిప్పి పెట్టండి. తీసేటప్పుడు వైరు పట్టుకుని గుంజకండి, పిన్ను దగ్గరున్న ప్లాస్టిక్ పట్టుకుని తిన్నగా లాగండి, వంగితే ఆ పిన్ను మళ్లీ నిలువుగా రాదు. చెవి మీదుగా పోయే వంపు మాత్రం రెండువైపులా వెనక్కే ఉండాలి, తిప్పితే వంపు ముందుకొచ్చిందంటే తిరగబడింది ఇంకోవైపుది.